ఎర్రోని పలుపు

ధర్మవరంలో కేశవకి పాత కార్ల పిచ్చి ఉందని తెలియనివాళ్ళు తక్కువ. పట్టుచీరల అంగడి నడుపుకునే మనిషి జరీ, బుటా, అంచు అని మాట్లాడాలి గదా. ఈయనేమో పెళ్ళిచీర కొనడానికొచ్చిన ఆడవాళ్ళ ముందు కూడా కార్బొరేటర్ గురించి చెప్పేవాడు. భార్య రేఖ నెత్తి కొట్టుకునేది. అయితే ఒక్క విషయంలో అతన్ని వేలెత్తి చూపినవాళ్ళు లేరు. నకిలీ జరీ చీరను అసలు జరీ అని చెప్పి అమ్మడం అతని అంగట్లో లేదు. ఒకసారి గుమాస్తా ఎవడో ఆ పని చేస్తే, ఆ పూటే లెక్క తేల్చి పంపించేశాడు. ఈ మాట ముందే చెప్పిపెట్టడం మంచిది. తర్వాత అతన్ని కాల్చుకు తిన్నది ఇదే.

ఆ కారు సంగతి చెప్పింది హిందూపురం మెకానిక్ మంజునాథ్. పెనుకొండ కొండకు వెనకవైపు ఒక పల్లె ఉంది. అక్కడ తిమ్మప్ప అనే ముసలి రైతు కొట్టంలో, ఎద్దుల గాటి పక్కన, ఎర్రరంగు స్పోర్ట్స్ కారు ఒకటి ఉందట. రెండే సీట్లు, తీగల చక్రాలు, గుడ్డ టాపు. తిమ్మప్ప వయసులో ఉన్నప్పుడు బెంగళూరులో ఒక దొర దగ్గర డ్రైవరు. దొర దేశం విడిచిపోతూ కారును ఇతని చేతిలో పెట్టి పోయాడు.

కేశవ పోయి చూశాడు. కొట్టం రేకుల మీద కోళ్ళు, కింద వరిగడ్డి, మధ్యలో ఆ కారు. టార్చిలైటు పట్టుకొని కిందికి దూరి తుప్పు కోసం వెతికాడు. ఒక్కచోట కూడా పాత రేకు అతికించి పైన రంగు కొట్టిన మోసం కనపడలేదు. ప్రతి బోల్టూ కంపెనీ బోల్టే.

తిమ్మప్ప వక్కాకు నములుతూ బానెట్టు మీద అరచెయ్యి పెట్టి కూర్చోనున్నాడు. కండ్లు రెండూ పూర్తిగా పోయినాయి. కారును ఆయన కారు అనడు. ఎర్రోడు అంటాడు. ఏరువాక పున్నమికి ఎద్దులతో పాటు దానికీ పసుపు కుంకుమ పెట్టేవాడట.

"తోలేది లేకుండా ఊరికే కట్టేసి మేపుతాండాను. తోలేవాని దగ్గరుంటే అదీ సంతోషపడతాది. నీకు తోచింది ఇచ్చి తోలుకొని పో," అన్నాడు తిమ్మప్ప. "అయితే ఒక మాటప్పా. బీగంచెవి మాత్రం ఇయ్యను."

"తాళంచెవి లేకుండా కారు ఎట్ల పోతాది తాతా?"

"ఎద్దును అమ్మితే పలుపు ఇస్తారా యాడైనా? అమ్మినోడు పాత పలుపు విప్పుకొని ఇంట్లో పెట్టుకుంటాడు. కొన్నోడు తన పలుపు తనే తెచ్చుకోవాల. ఇదీ అంతే. ఈ చెవిని తీసుకపోయి దీనిమాదిరి ఒకటి కొట్టించుకో. పాతది నాకు తెచ్చియ్యి."

"పలుపు గూడా ఇస్తే ఏమైతాది?"

"పలుపు గూడా పోతే, దాని ఎంబడి అమ్మినోడూ పోవాల్సొస్తాది," అన్నాడు ముసలాయన నవ్వకుండా. ఎద్దుల మెడకు కట్టే పలుపుతాడు ముక్క ఒకటి ఆ తాళంచెవికి వేలాడుతోంది. దాన్ని నమ్మి కేశవ చేతిలో పెట్టాడు.

పాత కార్లవాళ్ళ సంగతి తెలిసినవాళ్ళకు కేశవ కష్టం అర్థమవుతుంది. బెంగళూరులో నలుగురు చేరినచోట మొదట అడిగే మాట, అసలు చెవి ఉందా అని. దాని మీద కంపెనీ నంబరు చెక్కి ఉంటుంది. ఆ చెవి, ఆ తాళం ఒకదానికొకటి అరిగిపోయి ఉంటాయి. హిందూపురం బజారులో నకలు కొట్టించి, పల్లెకొచ్చి ముందు దాన్నే పెట్టి తిప్పితే కారు మొండికేసింది. పాతది పెడితే వెన్నలో దిగినట్టు దిగింది.

అప్పుడు చేశాడా పని. నకలును మట్టిలో రుద్దాడు, పాత ఇంజనాయిల్లో ముంచి తుడిచాడు. పలుపు ముక్క విప్పి దానికి కట్టాడు. అసలుది తన జేబులో వేసుకున్నాడు. కండ్లు లేని మనిషికి ఏం తెలుస్తుందిలే అనుకున్నాడు. అనుకున్నాడని ఒప్పుకోవడానికి తర్వాత చాలా సిగ్గుపడ్డాడు.

తిమ్మప్ప చెవిని అందుకున్నాడు. దాని పండ్ల మీద బొటనవేలు నెమ్మదిగా నడిపాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"సరేప్పా," అన్నాడు చివరికి. "నీ దగ్గరుండేది నీ దగ్గరే ఉండనీ. ఇది నా దగ్గర ఉంటాది."

ఆయన భార్య పుట్టమ్మ వాకిట్లో నిలబడి చూస్తోంది. ఆమె కండ్లు బాగానే ఉన్నాయి. కేశవ ఆమెవైపు చూడకుండా కారెక్కాడు.

మొదట్లో అంతా బాగుంది. మంజునాథ్ ఇంజను విప్పి కడిగాడు, బ్రేకు గొట్టాలు మార్చాడు, సీటు తోలుకు నూనె పట్టించాడు. బెంగళూరులో పదిమంది చుట్టూ మూగి చెవి మీద నంబరు చదివి, "అసలుదే" అని ముచ్చటపడ్డారు. అసలుది అన్న మాట విన్నప్పుడల్లా కేశవ చెవిని గబుక్కున జేబులో దాచేసేవాడు. నకిలీ జరీ అమ్మిన గుమాస్తా ముఖం కనపడేది. అయినా చెవి వెనక్కి ఇవ్వలేదు. వచ్చే వారం ఇద్దాం, ఆ పై వారం ఇద్దాం అనుకుంటూ గడిపేశాడు.

ఒక పున్నమి రోజు సాయంత్రం హిందూపురం పోతుంటే, పెనుకొండ దాటాక, తిమ్మప్ప పల్లెకు చీలే మట్టిదారి దగ్గర కారు ఆగిపోయింది. దగ్గలేదు, కుదపలేదు. ఎవరో చెప్తే విన్నట్టు ఆగింది. కాసేపటికి అదే స్టార్టయింది. మరోసారి పోతే మళ్ళీ అక్కడే. మంజునాథ్ పాయింట్లు మార్చాడు, కాయిల్ మార్చాడు, పెట్రోలు పంపు మార్చాడు.

"బండికి ఏ రోగమూ లేదన్నా," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "కొత్తగా కొన్న ఎద్దు పాత ఊరి దారి కనపడితే నిలబడతాది సూడు, అట్లుండాది."

మంజునాథ్ నవ్వాడు. కేశవకి నవ్వు రాలేదు.

ఆ తర్వాత వాన తుంపర పడుతున్న సాయంత్రం మళ్ళీ అక్కడే ఆగింది. పైన గుడ్డ టాపు, అద్దాలు మూసున్నాయి. వైపరు సగంలో నిలిచిపోయింది. హైవే మీద లారీలు పోతున్నాయి గానీ వాటి చప్పుడు లోపలికి రావడం లేదు. వరిగడ్డి వాసన వచ్చింది. దాని వెనకే వక్కాకు వాసన, ఎవరో అప్పుడే నమిలినట్టు. కేశవ ఎదుటి అద్దంలోకే చూస్తూ కూర్చున్నాడు. పక్క సీటులో స్ప్రింగు కిర్రుమంది. ఇంకొకటి కిర్రుమంది. తోలు మెల్లగా కిందికి దిగుతున్న శబ్దం...

ఎవరూ లేరు.

ఎడమ చెవి పక్కనే ఒక గొంతు చాలా మెత్తగా వినపడింది.

"హో... హో..."

నాగలి దున్నేవాడు ఎద్దును ఆపే మాట అది. కేశవ చెయ్యి చాచి పక్క సీటును తాకాడు. వెచ్చగా ఉంది.

ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు. భయం ఒకటైతే దానికంటే పెద్దది ఇంకొకటి. గుడ్డి మనిషిని మోసం చేశాను, ఆయనకు తెలిసి కూడా ఒక్క మాట అనలేదు. ఇదే తిరిగి తిరిగి వచ్చింది. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. మర్నాడు అంగడి కొత్త గుమాస్తాకి వదిలి బయలుదేరాడు. చెవి ఆయన చేతిలో పెట్టి, కాళ్ళు పట్టుకొని, క్షమించమని అడగాలి. అంతకంటే వేరే కోరిక లేదు అతనికి.

ఆకాశం మబ్బు పట్టి, పొద్దు ఉండగానే చీకటి ముసిరింది. మట్టిదారి రాగానే కారు ఆగలేదు. స్టీరింగు తను తిప్పినాడో అదే తిరిగిందో కేశవకి తెలియలేదు. గుంతల్లో కూడా కుదుపు లేకుండా పోయి, కొట్టంలో తన పాత చోట్లో నిలబడి, ఇంజను ఆపుకుంది.

పుట్టమ్మ ఒక్కతే వాకిట్లో ఉంది. నుదుట బొట్టు లేదు.

కేశవ కారు దిగి ఆమె దగ్గరికి వచ్చాడు. "ఎప్పుడు అవ్వా?"

"పున్నమి దినం. మాపటేళ."

కారు మొదటిసారి ఆగిన సాయంత్రమది.

"ఆ చెవిని నోట్లో పెట్టుకొని చూసేవాడు," అంది పుట్టమ్మ. "ఇది నా ఎర్రోనిది కాదే, కొత్త ఇత్తడి రుచి కొడతాందే అని. నేను పోయి అడిగొస్తానంటే వద్దన్యాడు. నేనే పోతాలే అన్యాడు. కండ్లు లేనోనివి యాడికి పోతావప్పా అంటిని. పలుపు ఉండే తావుకి దారి దానంతటదే తెలుస్తాదన్యాడు."

"తప్పయింది అవ్వా." కేశవ జేబులోంచి చెవి తీసి ఆమె ముందు పట్టుకున్నాడు. "తెలిసే చేసినాను. ఇది తీసుకో. కారు కూడా మీదే. నాకొద్దు."

ఆమె చెయ్యి చాచలేదు. "నాకెందుకప్పా? ఆయప్పకే ఇయ్యి."

చేని గట్టు మీద సమాధి. ఇంకా రాళ్ళు పరచలేదు, వానకు మట్టి మెత్తగా ఉంది. పుట్టమ్మ కొంచెం దూరంలో ఆగిపోయింది. పైన కొండ నల్లగా ఉంది. కేశవ మోకాళ్ళ మీద కూర్చొని చేత్తో గుంత తీశాడు, ముంజేయి సగం పట్టేంత. తడి మట్టి చల్లగా ఉంది. చెవిని అడుగున పెట్టాడు.

"తప్పయింది తాతా," అన్నాడు. "నీది నీకు తెచ్చినాను."

ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు. మట్టి కప్పడానికి దోసిలి నింపి గుంతలోకి చూశాడు.

చెవి లేదు.

చెయ్యి పెట్టి వెతికాడు. అడుగున మట్టి వెచ్చగా ఉంది... గబగబా కప్పి లేచాడు. అయినా ఎక్కడో ఒక ముడి వదిలినట్టే అనిపించింది. ముసలాయన తీసుకున్నాడు. తనది తనకు చేరింది. ఇంక చాలు.

గట్టు దిగుతుంటే పుట్టమ్మ అడిగింది. "నీది మల్ల తీసుకోలేదేప్పా?"

"నాదేది అవ్వా?"

"నీ పలుపు. నువ్వు కొట్టించుకొచ్చిన చెవి. ఆయప్ప పిడికిలి విడిపించలేక దాంతోనే పూడ్చిరి."

"ఉండనీలే అవ్వా. అది నాకెందుకు?"

పుట్టమ్మ అతని ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది. కేశవకి అదే ఎక్కువ భయమేసింది.

"ఎందుకంటే ఎట్లప్పా," అంది గుసగుసగా. "కొన్నోడు పలుపు తన చేతిలో పెట్టుకుంటాడు. నువ్వు నీ పలుపును ఆయప్ప చేతిలో పెడితివి. ఆ కొసకు ఉండేది..."

మాట పూర్తి చెయ్యలేదు. లోపలికి పోయి తలుపు వేసుకుంది.

కేశవ కారువైపు తిరిగి చూడకుండా హైవే దాకా నడిచి బస్సెక్కాడు. చెన్నేకొత్తపల్లి దాటేసరికి ఊపిరి కుదురుకుంది. ముసలావిడ దుఃఖంలో ఏదో అనేసిందిలే అనుకున్నాడు. ధర్మవరంలో దిగి వీధిలోకి వచ్చాడు. మగ్గాల చప్పుడు ఇంకా ఆగలేదు. ఆ చప్పుడు వింటే ప్రాణం లేచొచ్చింది. రేఖకు అంతా చెప్పెయ్యాలి, తను పంపించేసిన గుమాస్తాను వెతికి మళ్ళీ పనిలో పెట్టుకోవాలి అనుకుంటూ మెట్లెక్కాడు.

రేఖ తలుపు తీసింది. "కారు యాడ?"

"ఇచ్చేసినాను," అని గడప దాటడానికి కాలెత్తాడు.

వెనక వీధిలోంచి వినపడింది. మెత్తగా.

"హో... హో..."

ఎత్తిన కాలు ఎత్తినట్టే నిలిచిపోయింది. దించాలనుకున్నాడు. దిగలేదు.

"ఏమి, ఆన్నే నిల్చుకున్నారు? లోపలికి రాండి." రేఖ చెయ్యి పట్టి లాగబోయి, దీపం వెలుగులో అతన్ని చూసి ఆగింది. చొక్కా కాలరు కొంచెం పక్కకు జరిపింది. "మెడ చుట్టూ ఏంది ఇది... తాడు ఒరుసుకున్నట్టు?"

రేఖ వేళ్ళకు తడి మట్టి అంటింది. ఆమె చూస్తుండగానే మెడ మీద ఆ గీత ఇంకొంచెం బిగిసింది, అతని తల నెమ్మదిగా పెనుకొండవైపు తిరిగింది.