గొంతు లేదన్న గిటారు

"దీనికి గొంతు లేదండీ," అన్నాడు గిటార్ మాస్టారు, గిటారు పెట్టెను వర్క్‌షాపు బల్ల మీద పెడుతూ. "వాయించే నాకే సరిగ్గా వినపడట్లేదు, ఇక హాల్లో చివరి వరుసకేం వినపడుతుంది? ఆదివారం నా కచేరీ. వెనక్కి తీసుకోండి."

ఆ గిటారు చేసిన అమ్మాయికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎనిమిది నెలలు! పైపలకను చిత్రిక పట్టి, వేలితో తట్టి విని, మళ్ళీ వెంట్రుకవాసి గీకి ఆయన కోసం చేసిన గిటారు. లక్క పాలిష్ గుడ్డతో రుద్ది రుద్ది కుడి భుజం పట్టేస్తే, వారం రోజులు ఎడం చేత్తో తల దువ్వుకుంది. ఈయనగారు తీరిగ్గా వచ్చి గొంతు లేదంటాడా?

పైగా చేసినవాళ్ళ పేరుతో లోపల అంటించిన చీటీ ఒకటుంది. ఆ వర్క్‌షాపులో ఇన్నాళ్ళూ ప్రతి గిటారుకూ నాన్న చీటీయే. ఆమె పేరుతో బయటికెళ్ళింది ఇదొక్కటే. తాతనాటి నియమం ప్రకారం, తిరిగొచ్చిన గిటారును పెద్దవాడు విప్పి, లోపలి బద్దలు సవరించి, తన చీటీ అంటించాలి. నాన్న అప్పుడే కళ్ళజోడు పెట్టుకుంటున్నాడు.

"నాన్నా, దాని మీద చెయ్యి వేశావంటే చూడు!"

"అది కాదే చిటపటా..."

ఇంట్లో పిలిచే పేరు పరాయివాడి ముందు! మాస్టారు నవ్వాపుకోవడం ఆమె చూడనే చూసింది.

"నవ్వింది చాలు. ఎక్కడ వాయించారు?"

"నా గదిలో."

"ఎవరు విన్నారు?"

"నేనే."

"అంటే గిటారు వెనకాల కూర్చున్నవాళ్ళు! గొంతు ముందుకి పోతుందా, వీపుకి పోతుందా?"

"పదిహేనేళ్ళ నుంచి వాయిస్తున్నానండీ. నా పాతది నాకు శుభ్రంగా వినపడుతుంది."

"అది మీ ఒళ్ళో కూర్చుని గుసగుసలాడుతుంది. ఇది ఎదుటివాళ్ళతో మాట్లాడుతుంది. ఆడలేక మద్దెల ఓడన్నారట!"

ఈసారి అతని ముఖం ఎర్రబడింది. "నాకు వాయించడం రాదంటారా?"

"వినడం రాదంటున్నాను. నడవండి, మీ కచేరీ జరిగే కాలేజీ హాలుకి!"

బయట వాన. గొడుగు ఒక్కటే. ఇద్దరూ దాన్ని గిటారు పెట్టె మీదే పట్టి, తాము ముద్దగా తడిసిపోయారు. దారి పొడుగునా పోట్లాడుకుంటూనే ఉన్నారు.

హాలు ఖాళీగా ఉంది.

"వెళ్ళి చివరి వరుసలో కూర్చోండి."

"మరి వాయించేదెవరు?"

ఆమెకు చేయడమే వచ్చు. శ్రుతి చూసుకోవడానికి తప్ప ఎవరి ముందూ వాయించిన పాపాన పోలేదు. అయినా పంతం పంతమే. "నేనే," అంది.

ఒక్కో తీగ మీద ఒక్కో మెట్టూ నొక్కుతూ మీటింది. రెండుసార్లు తప్పింది, తనను తానే తిట్టుకుంది. ఆఖరి స్వరం ఆగగానే చివరి వరుస వైపు తలెత్తింది.

"వినపడిందా లేదా?" అరిచింది.

"వినపడింది. మీ తిట్లతో సహా." అతను మెల్లగా నడిచొచ్చాడు. "తప్పు నాదే. నా గిటారును నేనెప్పుడూ ఎదురుగా కూర్చుని వినలేదు. పక్కనే కూర్చుని వాయించినట్టుంది. కానీ..."

"మళ్ళీ కానీ ఏంటి?"

"మూడో తీగ, తొమ్మిదో మెట్టు. ఆ ఒక్క స్వరం కాస్త మూగపోతోంది."

నిజమే. తీగలు బిగించిన రోజునుంచీ తెలుసు. నాన్న చెవికి కూడా అందని లోపం. ఎవరికీ చెప్పకుండా లోలోపలే కుమిలిపోయింది.

"అయితే తిప్పి పంపెయ్!" కళ్ళల్లో నీళ్ళతోనే విరుచుకుపడింది. "నాన్న విప్పి బాగుచేస్తాడు. ఎనిమిది నెలలు నీ అరచేతి కొలత తలలో పెట్టుకుని తిరిగాను. నీ బొటనవేలు ఎక్కడ ఆగుతుందో చూసుకుని ఆ మెడ చెక్కాను. నువ్వొచ్చి గొంతు లేదంటావా!"

అతను గిటారు మెడ మీద చెయ్యి ఆనించాడు.

"ఎవర్నీ విప్పనివ్వను. ఆ స్వరం దగ్గర వేలు కాస్త ఊపితే పలుకుతుంది, అది నా పని. లోపల మీ పేరు చీటీయే ఉంటుంది." తన అరచెయ్యి చూసుకున్నాడు. "చేతి కొలత ఒక్కసారి తీసుకుంటే చాలని నాకూ తెలుసు."

"తెలిసే నాలుగుసార్లు వచ్చి కొలిపించుకున్నావా?"

"తెలిసే. మరి నాలుగుసార్లూ మీరెందుకు కొలిచారు?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. గిటారును అతని చేతుల్లో కుక్కి, వేదిక దిగి, మొదటి వరుసలోనే చతికిలబడింది.

"వాయించు," అంది, కోపంగానే.