మూడో అంతస్తులో పిలుపు

ఆ కాంప్లెక్సులో మూడో అంతస్తు చివరి గదికి మంచి పేరు లేదు.

ఒకప్పుడు అక్కడ పళ్ళ డాక్టరు ఉండేవాడట. పన్ను పీకేలోపు ప్రాణమే పోయిన ఒక పేషెంటు ఇంకా తన వంతు కోసం అక్కడే కూర్చున్నాడని చెప్పుకునేవారు. చీకటి పడ్డాక లోపల్నుంచి ఎవరో పేరు పెట్టి పిలుస్తారనీ, పలికామా... ఇక అంతేననీ వాచ్‌మన్ ఒట్టేసి చెప్పేవాడు. ఆయన ఏనాడూ మెట్లెక్కి చూసింది లేదు. అది వేరే సంగతి.

డాక్టరు ఖాళీ చేశాక, అద్దె చవకని అందులో కంప్యూటర్ క్లాసులు పెట్టారు. మా బావ చేరింది అక్కడే. ఇదంతా మా అక్క చెప్పగా విన్నది. బావ ఇంట్లో లేనప్పుడు చెప్పిందిలెండి.

బావ ఒక బట్టల కంపెనీలో గుమస్తా. వాళ్ళ ఓనరు గుమస్తాలందరినీ ఆ కోర్సుకి తోలాడు. పాసైనవాళ్ళకి పైన ఆఫీసులో కుర్చీ, తప్పినవాళ్ళకి కింద గోడౌనులో మూటలు. బావకి ఎప్పట్నుంచో నడుం నొప్పి. నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు.

ఆ రోజు మాస్టారు ఫంక్షన్లు రాయడం నేర్పారు. "ఫంక్షన్ అంటే ఏం లేదండీ... ఒక పని నేర్పి, దానికో పేరు పెట్టి, పక్కన కూర్చోబెట్టడం. పేరు పెట్టి పిలిస్తేనే లేచి చేస్తుంది. పిలవకపోతే ఉలకదు, పలకదు."

"ఇంతేనా! ఇంట్లో మా ఆవిడ దగ్గర నేనూ అంతేగా," అన్నాడు బావ. క్లాసంతా నవ్వింది. పిలిచినా ఈయన ఉలకడూ పలకడూ అని మా అక్క మాట.

అభ్యాసం కూడా చిన్నదే. ఒక పేరు ఇస్తే, "ఫలానావారూ, లోపలికి రండి" అని కాగితం మీద అచ్చువేసే ఫంక్షన్ రాయాలి. అందరూ బుర్ర గోక్కుంటుంటే బావ చిటికెలో రాసేసి, తన పేరే ఇచ్చి, నొక్కాడు. కాగితం రాలేదు. మళ్ళీ నొక్కాడు. రాలేదు.

"ప్రింటరు చెడింది. నా రాతకేం, రత్నం!" అని తేల్చేశాడు.

మిగతా గుమస్తాలు చుట్టూ మూగారు. "గురువుగారూ... ఓసారి చూడనిస్తారా?" బావ కుర్చీ పక్కకి జరిపి మరీ చూపించాడు.

రాత్రి అన్నాలయ్యాక అక్క అడిగింది. "అంత బాగా వస్తే, అదెలా పని చేస్తుందో నాకూ చెప్పండి."

తెల్లారితే పరీక్ష! "ఒక్కసారి సరిచూసుకుని వస్తా," అని బావ చెప్పులేసుకున్నాడు.

వాచ్‌మన్ తాళంచెవి ఇచ్చి గొంతు తగ్గించాడు. "పిలిస్తే... పలక్కండి."

మెట్లన్నీ చీకటి. తలుపు తీసి, ఏ స్విచ్చి దేనిదో తెలియక గోడ మీదున్నవన్నీ వేసేశాడు. లైటు వెలిగింది. గది ఖాళీ. బావ గుండె మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు.

పక్కన లోపలి గదిలో...

కర్ర్...

గాలేమో అనుకున్నాడు. కిటికీలన్నీ మూసే ఉన్నాయి.

కర్ర్... కర్ర్...

తలుపు సందులోంచి చూశాడు. చీకట్లో తెల్లగా ఏదో జారి కింద పడింది. వెంటనే ఇంకోటి. వంగి, ఒకటి తీసి వెలుగులో పెట్టాడు.

తన పేరు! ఇంటిపేరుతో సహా...

లోపలికి రండి.

ఇంకోటి తీశాడు. తన పేరే. లోపలికి రండి. ఇంకోటి... అదే. ఎక్కడ పలికేస్తానో అని రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. కాగితాలు మాత్రం జారుతూనే ఉన్నాయి... పాదాల మీదికి... ఒకదాని వెనక ఒకటి...

ఎలా దిగాడో ఆయనకే తెలీదు. "పి... పిలుస్తోంది!"

"పలికారా?"

"లేదు!"

"అయితే పరిగెత్తండి," అని వాచ్‌మన్ ఆయనకంటే ముందు పరిగెత్తాడు.

పొద్దున మాస్టారు వచ్చేసరికి గది నిండా కాగితాలు. ఆయన భయపడలేదు, తల కొట్టుకున్నాడు.

"నిన్న లోపలి గదిలోని ప్రింటరుకి స్విచ్చి వెయ్యడం నేనే మర్చిపోయాను. మీరు నొక్కినవన్నీ వరసలో ఆగిపోయాయి. రాత్రి ఎవరో స్విచ్చి వేశారు... అన్నీ బయటపడ్డాయి." కంప్యూటరులో రాత తెరిచి చూశాడు. "ఫంక్షన్ని బయట్నుంచి పిలవాలయ్యా. దాని కడుపులోనే దాన్ని పిలిస్తే, తనని తనే పిలుచుకుంటూ పోతుంది. కాగితం అయిపోయి బతికాం."

ఇంకో కంప్యూటరు తెరిచాడు. అదే రాత. మూడోదీ అదే. అన్నిట్లోనూ బావ పేరే! కాపీ కొట్టినవాళ్ళు పేరు మార్చే ఓపిక కూడా చేసుకోలేదు.

"ఇది మొదట ఎవరు రాశారు?"

అందరూ బావ వైపు చూశారు. నాదంటే తప్పు రాసినవాడు. కాదంటే కాపీ కొట్టినవాడు. చివరికి బావ లేచి, గుసగుసగా అన్నాడు.

"సార్... ఈ గది సంగతి మీకు తెలీదు. ఇది... దెయ్యం రాసింది."

క్లాసంతా ఒక్క గొంతుతో అందుకుంది. "అవును సార్! దెయ్యమే!"

మాస్టారు అందర్నీ ఒకసారి తేరిపార చూసి, మార్కుల పెన్ను మూత పెట్టేశాడు.

"సరే. అయితే ఆఫీసు కుర్చీ దెయ్యానికే ఇవ్వమని మీ ఓనరుకి చెబుతాను. తమరు గోడౌనుకి దయచేయండి."