పచ్చ వైరులో క్లిప్పు

డిసెంబరులో ఉత్తర ధ్రువం వైపున్న మా కెమియార్వి ఊళ్ళో మధ్యాహ్నం రెండింటికే దీపాలు వేసేస్తాం. ఆ వేళకి హిల్కాగారు మంచుబండి మీద కంప్యూటర్ పెట్టి తోసుకుంటూ నా రిపేరు దుకాణానికి వచ్చింది.

"రోజూ మూడూ పదికి దానంతటదే ఆరిపోతోంది రౌనో. మా తౌనో గొంతు ఇందులోనే ఉంది. అది కూడా పోతే నాకింకేం మిగల్దు."

తౌనో ఆమె భర్త. నేనీ ఊరు రాకముందే, వలలు చూసుకోవడానికి వెళ్ళి సరస్సు మీది మంచు విరిగి మునిగిపోయాడు. ఆ ఉదయం కొత్త మైకు పనిచేస్తోందో లేదో చూడ్డానికి రికార్డు చేసిన రెండు మాటలే మిగిలాయి.

"కాపీ తీసుకోలేదా అమ్మా?"

"తియ్యడం వస్తే నీ దగ్గరికెందుకొస్తాను?"

పవర్ సప్లై విప్పి బల్ల మీద పెట్టాను. పచ్చ వైరుకీ నల్ల వైరుకీ మధ్య కాగితాల క్లిప్పు వంచి గుచ్చితే, కంప్యూటర్ లేకుండానే సప్లై నడిచి దాని ఫ్యాను తిరిగింది. మీటరులో పన్నెండు వోల్టులు.

"అయితే బాగానే ఉందిగా."

"కరెంటు లాగే లోడు లేనప్పుడు అన్నీ బాగానే ఉంటాయి," అని పాత కారు బల్బు తగిలించాను. అయినా వోల్టేజి దిగలేదు. నాకు చిరాకేసింది. బల్బు తీసి పక్కన పెట్టి, ఇద్దరికీ కాఫీ పోశాను.

గోడ గడియారం మూడూ పది చూపించింది.

ఫ్యాను మూలిగింది. మీటరులో పదకొండు... పది... తొమ్మిది. వైర్ల చివర ఏమీ తగిలించి లేదు. అయినా ఎవరో కరెంటు లాక్కుంటున్నారు. గదిలో నాచు వాసన... పచ్చి చేపల వాసన. ఖాళీ ప్లగ్గు ముట్టుకున్నాను. మంచుగడ్డలా ఉంది.

నాకు భయమేసింది. క్లిప్పు పీకి జేబులో వేసుకున్నాను. ఫ్యాను ఆగింది.

"ఎందుకు తీశావు?" హిల్కాగారు గొణిగింది. "చలి కాచుకుంటున్నాడేమో..."

గబగబా కొత్త సప్లై బిగించాను. కంప్యూటర్ వెలిగింది. ఆమె రికార్డింగు పెట్టింది.

"హిల్కా, కాఫీ పెట్టి ఉంచు. మూడింటికల్లా వచ్చేస్తా."

ఆమె కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "ఇంతే. ఇక్కడితో అయిపోతుంది."

అయిపోలేదు.

గరగర... నీళ్ళ చప్పుడు... మళ్ళీ అదే గొంతు.

"రౌనో... ఆ క్లిప్పు మళ్ళీ పెట్టవయ్యా. చలేస్తోంది."

హిల్కాగారు నా వైపు తిరిగి చెయ్యి చాపింది.

"ఇలా ఇవ్వు," అంది మెల్లగా.

జేబులో చెయ్యి పెట్టాను. క్లిప్పు దొరకలేదు. నా వేళ్ళకి ఎవరివో తడి వేళ్ళు తగిలాయి.