దిగడం నేర్పని గోల మేడం

శేషం సారుకి ఆ పేరు తల్లిదండ్రులు పెట్టింది కాదు. ఎనిమిదో తరగతి పెట్టింది. భాగహారం చేయించిన ప్రతిసారీ చాక్‌పీసుతో బోర్డు మీద టకటకా కొట్టి, "శేషం ఎంత?" అని అడగడం ఆయన అలవాటు. తోటి టీచర్లందరికీ పెళ్ళిళ్ళయిపోయి, స్టాఫ్‌రూములో బ్రహ్మచారి తనొక్కడే మిగిలాక ఆ పేరు ఇంకా గట్టిగా అతుక్కుపోయింది.

ఆ టర్మ్‌లో స్కూలుకి కొత్త తద్దినం ఒకటి వచ్చిపడింది. దాని పేరు పర్సనల్ ప్రాజెక్టు. ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ తనకంటూ ఒక లక్ష్యం పెట్టుకోవాలి. టర్మ్ పూర్తయ్యేలోగా దాన్ని సాధించి, ఎగ్జిబిషన్ రోజు అందరి ముందూ చూపించాలి. ఇది నడిపించడానికి ఒక మేడం వచ్చింది. ఏ తరగతిలోకి వెళ్ళినా ఆమె మొదటి మాట ఒక్కటే, "మీ గోల్ ఏంటి?" ఎనిమిదో తరగతి ఆ గోల్‌కి పొల్లు ఎగరగొట్టి, రెండో రోజుకల్లా ఆమెను గోల మేడం చేసేసింది.

గోల మేడం ఎక్కడ అడుగుపెట్టాలో కూడా చూసుకోలేదు. నేరుగా లెక్కల పీరియడ్‌లో పెట్టింది.

"సార్, కొంచెం టైమిస్తారా? పిల్లల గోల్స్ వింటాను."

"వినండి. భిన్నాలు పిల్లలకి ఎలాగూ రావు. నష్టమేం లేదు."

వెటకారం ఆమె చెవికి తగిలినట్టే లేదు. ముందు బెంచీలో అమ్మాయిని లేపింది.

"మా తాతయ్య గురక ఆపేయడం మేడం. రాత్రిళ్ళు ఇల్లు ఎగిరిపోతోంది."

క్లాసు గొల్లుమంది. మేడం మాత్రం నవ్వలేదు.

"ఆపాల్సింది ఎవరు?"

"తాతయ్య."

"అయితే అది ఆయన లక్ష్యం. నీదెలా అవుతుంది? చూడండి, మనకి ఒకటే రూలు. మీ లక్ష్యంలో ఇంకొకళ్ళు చేయాల్సిన పని ఉండకూడదు. మీ చేతిలో ఉన్నదే ఉండాలి."

ఆ అమ్మాయి జడ కొరుక్కుంటూ ఆలోచించింది. "అయితే ఆ గురకలోనే నిద్రపోవడం నేర్చుకుంటా మేడం."

"భేష్!"

ఆ క్షణం నుంచి ఆ పిల్ల పేరు గురక. ఇక శేషం సారు ఉగ్గబట్టుకోలేకపోయాడు.

"మేడం, ఏమీ అనుకోకపోతే ఒక మాట. ఇదంతా టైంపాస్."

"అనుకుంటాను సార్. కానీ టీచర్లూ ప్రాజెక్టు చేయాలని ప్రిన్సిపాల్ గారు చెప్పారు. మీ లక్ష్యం ఏంటి?"

"మీరు నన్ను లక్ష్యపెట్టకుండా ఉండటం. అదే నా లక్ష్యం."

వెనక బెంచీలు "ఓ..." అని దీర్ఘం తీశాయి. శేషం సారు ప్యాంటు జేబులో చెయ్యి పెట్టుకుని, తన తెలివికి తనే మురిసిపోయాడు. ఆ మురిపెం గురక లేచి నిలబడే దాకానే.

"చెల్లదు సార్."

"ఏం? ఎందుకు చెల్లదు?"

"లక్ష్యపెట్టకుండా ఉండాల్సింది మేడం కదా సార్. అందులో మీరు చేసేదేముంది?"

గోల మేడం చేతులు కట్టుకుని అతనివైపు చూసింది. ఆ చూపులో నవ్వుంది. నవ్వులో సవాలుంది. రెండింటికీ మధ్య ఇంకేదో కూడా ఉంది గానీ, శేషం సారుకి భాగహారం వచ్చినంత బాగా చూపులు చదవడం రాదు. నోటికొచ్చింది చెప్పి బయటపడదామనుకున్నాడు. ఆ దిక్కుమాలిన నోరు ఇన్నేళ్ళుగా దాచుకున్నదే కక్కేసింది.

"సైకిల్ తొక్కడం."

క్లాసులో పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ వెంటనే పైకప్పు ఎగిరిపోయేంత నవ్వు.

"మీకు సైకిల్ రాదా సార్?"

"కూర్చోండి! శేషం ఎంత? ఎవరు చెప్తారు శేషం?"

నవ్వు ఆగలేదు. మేడం మాత్రం బోర్డు మూల చక్కటి అక్షరాలతో రాసింది: 'సారు లక్ష్యం: సైకిల్ తొక్కడం.' కింద ఒక గీత గీసి వెళ్ళిపోయింది.

*

పి.ఈ.టి. సారు దగ్గర ఒక పాత సైకిలుంది. పొడుగ్గా, బరువుగా, యజమానిలాగే మొండిగా ఉంటుంది. సాయంత్రం బెల్లు కొట్టాక గ్రౌండులో దాని మీదకి శేషం సారు ఎక్కేవాడు. గోల మేడం కొంగు నడుముకి బిగించి, వెనక సీటు పట్టుకుని పరిగెత్తేది.

"ముందుకి చూడండి సార్!"

"ముందుకే చూస్తున్నా!"

"మీరు చక్రాన్ని చూస్తున్నారు. అది ఎక్కడికీ పారిపోదు!"

గ్రౌండు చివర గురకా, ఆమె స్నేహితురాళ్ళూ గోల్‌కీపర్లలా చేతులు చాచి నిలబడేవాళ్ళు. సారు రాగానే హ్యాండిల్ పట్టుకుని ఆపేవాళ్ళు. బ్రేకు వేస్తే సైకిల్ ఆగుతుందని అతనికి తెలియక కాదు. ఆగిన సైకిల్ మీది మనిషి ఏమవుతాడో అంతకన్నా బాగా తెలుసు. ఒకసారి వేసి చూశాడు. మోచెయ్యి రెండు చోట్ల చెక్కుకుపోయింది. ఆ తర్వాత ఆపే పని పిల్లలకి అప్పగించి, తొక్కే పని తను చూసుకున్నాడు.

ఇంట్లో అమ్మ గమనించకుండా ఉంటుందా?

"ఏరా, మోకాళ్ళకి దెబ్బలు, మొహం మీద నవ్వు. ఈ రెండూ ఒకేసారి ఎలా వచ్చాయిరా నీకు?"

"స్కూల్లో ప్రాజెక్టమ్మా."

"ప్రాజెక్టుకి పేరుందా?"

"అందరూ గోల అంటారు."

నాలుక కరుచుకున్నాడు. అమ్మ ఇంకేమీ అడగలేదు. ఎగ్జిబిషన్ ఎప్పుడో మాత్రం అడిగి తెలుసుకుంది.

కొన్నాళ్ళకి మేడం సీటు వదిలేసి పక్కన పరిగెత్తడం మొదలుపెట్టింది. నిజానికి పరిగెత్తాల్సిన పనే లేదు. అయినా పరిగెత్తేది. రోజంతా ఎనిమిదో తరగతి మీద మండిపడే శేషం సారు, సాయంత్రం బెల్లు కోసం ఆ ఎనిమిదో తరగతికంటే ముందే చెవులు రిక్కించి కూర్చునేవాడు. ఇది ప్రేమ అని అతనికి తెలియడానికి ఒక వాన కావలసి వచ్చింది.

ఆ వాన ఎగ్జిబిషన్ ముందు రోజు సాయంత్రం వచ్చింది. చెప్పా పెట్టకుండా దబదబా కురిసింది. పిల్లలు అరుచుకుంటూ వరండాలోకి పరిగెత్తారు. వీళ్ళిద్దరూ సైకిల్ షెడ్డులో ఇరుక్కున్నారు. రేకుల మీద వాన మోతకి ఒకరి మాట ఒకరికి వినబడాలంటే దగ్గరగా నిలబడక తప్పలేదు. వానకి అంత బుద్ధి ఉందని శేషం సారు ఎన్నడూ అనుకోలేదు.

"నా పోస్టు ఈ టర్మ్ వరకే సార్," అంది కొంగుతో మొహం తుడుచుకుంటూ. "వేరే ఊళ్ళో పెద్ద స్కూలు వాళ్ళు రమ్మంటున్నారు. రేపు ఎగ్జిబిషన్ అవ్వగానే జవాబు చెప్పాలి."

'వెళ్ళొద్దు' అనే మాట శేషం సారు గొంతు దాకా వచ్చి, అక్కడ సైకిల్‌లాగే ఎలా దిగాలో తెలియక తచ్చాడింది.

"మంచి అవకాశం," అన్నాడు చివరికి. "వెళ్ళండి."

"అంతేనా?"

"జీతం కూడా ఎక్కువే ఇస్తారేమో."

ఆమె మొహంలో నవ్వు ఆరిపోయింది. వాన తగ్గకుండానే తడుస్తూ వెళ్ళిపోయింది. తను అన్న మాట తనకే వినబడి, శేషం సారు పి.ఈ.టి. సారు సైకిల్‌ని ఒక్క తన్ను తన్నాడు. అది కదల్లేదు. బొటనవేలు వాచింది. వెళ్ళొద్దని రేపు అడగకపోతే ఇక జన్మలో అడగలేడని మాత్రం గట్టిగా తెలిసింది.

*

ఎగ్జిబిషన్‌కి తల్లిదండ్రులతో గ్రౌండు నిండిపోయింది. చుట్టూరా బల్లలు. గురక తన బల్ల దగ్గర తాతయ్య గురకలన్నీ రికార్డు చేసి, 'ఇంజను', 'రంపం', 'ఈల' అని పేర్లు పెట్టి వినిపిస్తోంది. విన్నవాళ్ళు విన్నట్టే ఆవలిస్తున్నారు. తాతయ్య కుర్చీలో కూర్చుని, తనకి దక్కిన గౌరవానికి పొంగిపోతున్నాడు.

"ఇప్పుడు నిద్ర పడుతోందా?" అని అడిగింది శేషం సారు వాళ్ళమ్మ.

"ఆయన గురక పెట్టకపోతేనే మెలకువ వచ్చేస్తోంది అమ్మమ్మా," అంది గురక.

ప్రిన్సిపాల్ మైకు అందుకుంది. "ఈ ప్రాజెక్టులు వచ్చే ఏడాదీ ఉంటాయి. మేడం ఒప్పుకుంటే ఆవిడే నడిపిస్తారు. ఒక రహస్యం చెప్పనా? మొదటి వారంలోనే మేడం నాతో అన్నారు, ఈ టర్మ్‌కి నా గోల్ శేషం సారే, ఆ మొండిమనిషి చేత ప్రాజెక్టు చేయించకపోతే చూడండి అని! చేయించి చూపించారు! సార్, రండి!"

చప్పట్లు మోగాయి. శేషం సారుకి ఒళ్ళు మండిపోయింది. అంటే ఆ సాయంత్రాలన్నీ, ఆ పరుగులన్నీ ప్రాజెక్టా? గురకకి తాతయ్య ఎలాగో, ఆవిడకి తనూ అలాగేనా? ఆ కోపంలోనే సైకిలెక్కి, ఎన్నడూ తొక్కనంత జోరుగా తొక్కాడు. జనం ఈలలు వేశారు. ఒక రౌండు పూర్తయింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆపడానికి గ్రౌండు చివర ఎవరూ లేరు. గోల్‌కీపర్లందరూ తమ తమ బల్లల దగ్గరున్నారు.

ఇక చేసేదేం లేక రెండో రౌండు మొదలుపెట్టాడు.

గోల మేడం స్టేజీ పక్కన నిలబడి ఉంది. ఆమె ముందు నుంచి వెళ్తూ అరిచాడు. "మీ గోల్ చెల్లదు మేడం!"

వెళ్ళిపోయాడు. జవాబు కోసం గ్రౌండంతా తిరిగి రావాల్సి వచ్చింది.

"ఎందుకు చెల్లదు?" అని అరిచింది ఆమె.

"తొక్కాల్సింది నేను! రూలు మీదే!"

మళ్ళీ ఒక రౌండు. ఈసారి ఆమె సిద్ధంగా ఉంది. "నాకూ తెలుసు! అందుకే ఆ గోల్‌ని జాబితాలోంచి ఎప్పుడో కొట్టేశాను!"

అతను బల్లల వెనక నుంచి వస్తూ ఆ మాట నమిలాడు. కొట్టేసిందా? అయితే... "మరి రోజూ ఎందుకు పరిగెత్తారు?"

జనం తలలు సైకిల్‌తో పాటే తిరుగుతున్నాయి. తాతయ్య కూడా ఆవలించడం మానేశాడు. సైకిల్ తిరిగొచ్చేసరికి గోల మేడం మొహం ఎర్రబడి ఉంది. గొంతు మాత్రం తగ్గలేదు.

"ఏ గోల్ లేకుండానే వచ్చాను!"

ఎనిమిదో తరగతి నోరెళ్ళబెట్టింది. గోల మేడం, లక్ష్యం లేకుండా ఒక పని చేసిందా? శేషం సారు హ్యాండిల్ వంకర తిరిగింది. సైకిల్ గురక బల్లకి తగలబోయి తప్పుకుంది. కోపం ఎక్కడ రాలిపోయిందో తెలియదు. ఎదలో ఏదో పొంగింది. ఎంత పొంగినా కాళ్ళు మాత్రం తొక్కుతూనే ఉన్నాయి.

"నిన్న పప్పులో కాలేశాను!" అని అరిచాడు తర్వాతి రౌండులో. "కొత్త గోల్ పెట్టుకున్నాను! మిమ్మల్ని ఒక మాట అడగడం! ఒప్పుకోవడం మీ పని కాబట్టి అది అందులో లేదు!"

"అయితే అడగండి!"

"ఆగితే అడుగుతాను!"

"ఆగండి మరి!"

"రాదు! మీరు తొక్కడమే నేర్పారు!"

"మీరు గోల్‌లో తొక్కడం అనే చెప్పారు సార్!" అంది గురక, బల్ల ఎక్కి నిలబడి.

గోల మేడం ఇక ఆలోచించలేదు. కొంగు బిగించి, గ్రౌండులోకి నడిచి, సైకిల్ దారికి అడ్డంగా నిలబడింది. చేతులు చాచలేదు, పట్టుకుంటానని సైగైనా చేయలేదు. ఊరికే నిలబడి అతని కళ్ళలోకి చూసింది. ఈసారి శేషం సారు చక్రాన్ని చూడలేదు. ఆమెనే చూశాడు. బ్రేకు నొక్కాడు. సైకిల్ కీచుమంది, ఒరిగింది. అతను ఎడమ కాలు నేల మీద పెట్టాడు. కాలు నిలబడింది. ముందు చక్రం ఆమె చీర కుచ్చిళ్ళకి జానెడు దూరంలో ఆగింది.

రొప్పుతూ, చెమటలు కక్కుతూ అడిగాడు.

"వెళ్ళకండి. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

మైకు ఆన్‌లోనే ఉన్న సంగతి ప్రిన్సిపాల్‌కి గుర్తొచ్చింది గానీ, ఆపడానికి మనసొప్పలేదు.

అడిగేశాడు. అడిగేశానన్న తేలికలో మొహమంతా నవ్వై, జవాబు సంగతే మరిచిపోయి సైకిల్ నడిపించుకుంటూ వెనక్కి తిరిగాడు.

"ఏంటి సార్, ఎక్కడికి?"

"అడగడమే కదా నా లక్ష్యం. అయిపోయింది."

"బాగుంది!" నడుము మీద చేతులు పెట్టుకుంది గోల మేడం. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, పెదవుల మీద నవ్వు ఆగడం లేదు. "లెక్కల మాస్టారు అయ్యుండి లెక్క సగంలో వదిలేస్తారా? శేషం ఎంత?"

ఎనిమిదో తరగతి మొత్తం చాక్‌పీసులు లేకుండానే బల్లల మీద టకటకా కొడుతూ అరిచింది. "శేషం ఎంత? శేషం ఎంత?"

"ఎంతైనా సరే," అంది ఆమె, సైకిల్ హ్యాండిల్ మీద అతని చేతి పక్కనే తన చెయ్యి వేసి. "శేషం నాది."

అమ్మ కళ్ళు తుడుచుకుని, దగ్గరికొచ్చి ఆమె భుజం నిమిరింది. "నీ గోలంతా మా ఇంట్లోనే పెట్టుకో తల్లీ. వీడికి మాత్రం దిగడం సరిగ్గా నేర్పు. మా ఇంటి గేటుకి కొత్తగా రంగు వేయించాను."