కెట్ల్ రోడ్డు షెడ్డులో బూడిదరంగు మనిషి

కెట్ల్ రోడ్డు చివర, యాపిల్ తోటలు అయిపోయే చోట, ఒక పాత ప్యాకింగ్ షెడ్డు ఉంది. పగలు చూస్తే తుప్పు రేకుల కొట్టం, అంతే. చీకటి పడ్డాక మాత్రం దాని పక్కన కారు ఆపమంటే మా లోయలో ఎవరూ ఆపరు. టైరు పంక్చరైనా ఆ మలుపు దాటేదాకా అలాగే ఈడ్చుకుపోతారు.

మోడ్ టిబిట్స్ అనే ముసలావిడ ఒకప్పుడు అందులో కోళ్లు పెంచేది. ఒక వేసవిలో ఆ కోళ్లన్నీ చచ్చిపోయాయి. పిల్లి రాలేదు, గద్ద రాలేదు, ఒక్క ఈక ఊడలేదు. ఒంట్లో నెత్తురంతా ఎవరో తాగేసినట్టు పాలిపోయి... పడుకున్న చోటే రాలిపోయాయి. ఆ చలికాలంలోనే మోడ్ కూడా పోయింది. అప్పట్నుంచి ఆవిడే రాత్రిపూట అక్కడ తిరుగుతోందని మావాళ్ల మాట. చూరు కింద తెల్లవార్లూ ఏదో కదులుతున్న చప్పుడు. పావురాలేలే అని నవ్వినవాళ్లు కూడా అటువైపు నడిచి వెళ్లరు.

ఇందులో కొంత నేను కళ్లారా చూసింది. మిగతాది నెరిడా చెబితే విన్నది.

నెరిడా, నేను ఒకే ఓడ వంటింట్లో పనిచేస్తాం. సాయంత్రం డెవన్‌పోర్ట్‌లో బయల్దేరి, రాత్రంతా జలసంధి దాటి, పొద్దుటికి అవతలి గట్టు చేరే ఓడ. ఆమె మొగుడు లాక్లన్ పాస్కో దేశానికి ఆ చివర, పడమటి ఇనుప గనుల్లో లారీ తోలుతాడు. వారాల తరబడి అక్కడే. ఇద్దరూ ఒక ఇంట్లో ఉండేదే తక్కువ... అయినా వాళ్లు చవగ్గా వస్తోందని ఇంటితో సహా ఆ షెడ్డున్న స్థలం కొన్నారు. అందులో కోళ్లు పెట్టారు.

"దెయ్యం ఉంటే ఉండనీ. అద్దె ఇవ్వడం లేదుగా, కోళ్లకు కాపలా అయినా కాస్తుంది" అన్నాడట లాక్లన్.

పనిమంతుడే, కాదనను. మోడ్ కాలం నాటి అడ్డకర్రలు దుంగల్లా గట్టిగా ఉన్నాయని, కోళ్లు ఎక్కి పడుకోవడానికి వాటినే ఉంచాడు. ఫోన్‌లో బటన్ నొక్కితే తెరుచుకుని మూసుకునే తలుపు పెట్టాడు. ఫోన్‌లోంచే గింజలు రాలే డబ్బా, దానంతటదే నిండే నీళ్ల తొట్టి. పైన మూలకి ఒక కెమెరా... చీకట్లో కూడా కనపడేది. ఇక్కడి చప్పుడు అక్కడ వినపడుతుంది, అక్కడ మాట్లాడితే ఇక్కడ గొంతు పలుకుతుంది.

కోళ్లు పెంచడమంటే చేతికి రెట్ట అంటాలి. గూట్లో తల దూర్చి ఆ కంపు పీల్చాలి, పెట్టను ఒళ్లో పెట్టుకుని రెక్క కింద ఈకలు విడదీసి చూడాలి. వీళ్లకా బాధ లేదు. ఎదురింటి హాలిస్ ముసలాయన పగలు బయటి మూత ఎత్తి గుడ్లు ఏరుకుంటాడు, అంతే. సెలవు దొరికి ఇంట్లో ఉన్నా నెరిడా సోఫాలో పడుకుని ఫోన్‌లోనే చూసేది. కోళ్లేమో పెరటి అవతల. నాకు ఒళ్లు మండేది.

అలాగని ప్రేమ లేదని కాదు. నల్ల పెట్టలు. గుడ్ల దగ్గర్నుంచి బట్టలుతికే గదిలో దీపం కింద పొదిగించి, ఒక్కోదానికి పేరు పెట్టుకుంది. మేబెల్ అంటే మరీ ముద్దు. మొగుడూ పెళ్లాం రోజూ సాయంత్రం చెరో చివర కూర్చుని ఆ కోళ్లనే చూస్తూ మాట్లాడుకునేవాళ్లు. అవి లేకపోతే వాళ్లకి మాట్లాడుకోవడానికి ఏం మిగిలేదో నాకు తెలియదు.

ఆకులు రాలే రోజుల్లో మొదటిది చచ్చింది.

హాలిస్ తీసి చూశాడు. గాయం లేదు. తల మీది ఎర్ర తురాయి మాత్రం సున్నం పూసినట్టు తెల్లగా ఉంది.

"అమ్మాయ్, నేనిది ఇంతకుముందు చూశాను" అన్నాడు నెరిడాతో ఫోన్లో, గొంతు తగ్గించి. "మోడ్ కోళ్లు ఇలాగే పోయాయి. పొద్దు వాలాక నన్ను ఆ షెడ్డులోకి మాత్రం పంపకు."

తర్వాత రెండోది. ఆ తర్వాత ఇంకోటి.

అప్పుడే కెమెరాలో... ఆవిడ కనపడింది.

నేనూ చూశాను. ఓడ రేవు దాటేలోపు, సిగ్నల్ పోకముందు, నెరిడా ఉల్లిపాయలు తరగడం ఆపి ఫోన్ నా మొహం ముందు పెట్టింది. అడ్డకర్ర మీద కోళ్లు. వాటి పక్కన, తెర అంచున — బూడిదరంగులో ఒక ఆకారం. తల వంచుకున్న ఆడమనిషిలా ఉంది. అంచులు సన్నగా వణుకుతున్నాయి.

"బూజు" అంది నెరిడా. "లాక్లన్ కూడా బూజే అంటున్నాడు."

"బూజైతే పగలు కూడా ఉండాలిగా" అన్నాను.

పగలు ఉండదు. చీకటి పడితే వస్తుంది, వెలుతురొస్తే పోతుంది. వచ్చినప్పుడల్లా నిన్నటికన్నా కాస్త దగ్గరగా... కాస్త పెద్దగా.

కోళ్లు లోపలికి వెళ్లడం మానేశాయి. అది అన్నిటికన్నా ఘోరం. పొద్దు వాలితే కోడి దానంతటది గూడు చేరుతుంది, ఎవరూ నేర్పక్కర్లేదు. ఇవి మాత్రం గుమ్మం దగ్గర గుంపుగా నిలబడి, మెడలు చాచి లోపలి చీకటిలోకి చూసేవి. వెనక్కి జరిగేవి. వానలో తడుస్తూ అక్కడే ముడుచుకునేవి.

అప్పుడు లాక్లన్ పిలిచేవాడు. గనుల దగ్గర, రేకుల గదిలో మంచం మీద కూర్చుని... ఇక్కడ కెమెరాలోంచి.

"రండమ్మా... లోపలికి రండి. మేబెల్, రా తల్లీ."

ఆ గొంతు వెంటే గింజలు రాలేవి. అవి ఒకటొకటిగా లోపలికి నడిచేవి. అన్నీ రాగానే అతను బటన్ నొక్కేవాడు. తలుపు మూసుకునేది. లోపల కోళ్లూ... ఆవిడా.

"ఒకసారి లోపలికెళ్లి చూడవే" అన్నాను.

"రోజూ చూస్తున్నాం కదా" అంది.

ఆ వారం జలసంధిలో గాలి మరీ ఎక్కువై ఓడ ఆపేశారు. మమ్మల్ని ఇళ్లకు పొమ్మన్నారు. నెరిడా కారెక్కుతూ ఫోన్ చూసింది. మూడే మిగిలాయి. మేబెల్ అడ్డకర్ర ఎక్కలేక కింద చతికిలబడి ఉంది. దాని పక్కన బూడిదరంగు మనిషి తెరలో సగం నిండి ఉంది. నెరిడా మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నా కళ్లముందే చచ్చిపోతుంది. ఈ రాత్రి దాన్ని బయటికి తీస్తాను" అంది.

ఇక్కణ్ణుంచి ఆమె చెప్పిందే.

వాన. ఇంట్లోకి కూడా వెళ్లకుండా టార్చి పట్టుకుని నేరుగా షెడ్డు దగ్గరికి వెళ్లింది. మనుషులు వెళ్లే పెద్ద తలుపు చేత్తో తోసింది. వెచ్చటి గాలి మొహాన కొట్టింది — రెట్ట, ముక్కిన గింజలు, వాటికింద ఇంకేదో తియ్యటి కుళ్లు వాసన. చున్నీలా మెడకు చుట్టుకున్న ఊలు గుడ్డతో ముక్కు మూసుకుంది. చూరు కింద చప్పుడు... ఆగింది.

"నెరిడా?" చీకట్లో పైనుంచి మొగుడి గొంతు. కెమెరాలోంచి. "నువ్వేనా?"

"నేనే."

తర్వాత గుసగుసగా —

"కదలకు."

"ఏమైంది?"

"నీకూ నాకూ మధ్యలో ఉంది."

టార్చి చుట్టూ తిప్పింది. గోడ. నీళ్ల తొట్టి. అడ్డకర్ర మీద రెండు కోళ్లు, కళ్లు సగం మూసుకుని. ఇంకెవరూ లేరు.

"నాకేం కనపడటం లేదు, లాక్."

"నీ మొహం మీదే వాలి ఉంది. కదులుతోంది... దేవుడా, దాని ఒళ్లంతా కదులుతోంది. బయటికి వచ్చేయ్."

అయినా కింద మేబెల్ ముక్కు తెరిచి ఊపిరి తీస్తోంది. దాన్ని వదిలి వెనక్కి తిరగడానికి మనసొప్పలేదు.

"ఎటుందో చెప్పు" అంది.

"వద్దు."

"చెప్పు, లాక్."

"...కొంచెం పైకి. ఎడమకి. చెయ్యి ముందుకి చాపు. ఇంకా... ఇంకొంచెం..."

గొంతు దగ్గరవుతోంది. చెయ్యి ఆ గొంతు వైపే వెళ్తోంది.

"అదిగో — తగులుతోంది."

తగిలింది. గోరువెచ్చగా ఉంది. మెత్తగా ఉంది. తడి ఇసుకలో చెయ్యి పెట్టినట్టు అరచేతి కింద ఏదో కదిలి, నలిగింది. చెయ్యి వెనక్కి లాక్కుని టార్చి వెలుగులో చూసుకుంది.

అరచెయ్యి ఎర్రగా ఉంది. ఆ ఎరుపు నడుస్తోంది.

కోడిపేలు.

వేలు, లక్షలు. రాత్రి వెలిగే ఆ కెమెరా వేడికి చేరి, దాని కంటి మీద పొరలు పొరలుగా మూగి ఉన్నాయి. రంగులు కనపడని ఆ రాత్రి తెరమీద బూడిదరంగు మనిషి అదే. పగలు వెలుతురు రాగానే కెమెరా వెనక సందులోకి, అడ్డకర్రల పగుళ్లలోకి జారుకునేవి. టార్చి అడ్డకర్ర మీదికి తిప్పింది... కర్ర కనపడలేదు. కర్ర ఆకారంలో ఒక పురుగుల ధార. అందులోంచి కోళ్ల కాళ్ల మీదికి, కాళ్ల మీంచి పొట్టల కిందికి పాకుతోంది. మోడ్ కోళ్లను తాగిందీ ఇవే. ఆవిడ పోయాక చూరులో పావురాల్ని పీల్చుకుంటూ బతికి, ఇన్నాళ్లు ఆ చెక్కల్లోనే ఉన్నాయి.

నెరిడా అక్కడే వాంతి చేసుకుంది. ఇదంతా నాకు చెబుతున్నప్పుడు కూడా మోచేతులు గోక్కుంటూనే ఉంది. వింటున్న నేనూ గోక్కున్నాను. ఇది రాస్తుంటే ఇప్పుడు మళ్లీ ఒళ్లంతా పాకుతోంది. దెయ్యమైనా నయం, ఛీ.

అరచేతిలో నలిగినదంతా తన కోళ్ల నెత్తురేనని ఆమెకు తెలుసు. చెయ్యి గోడకు తుడుచుకుని, మెడ గుడ్డతో కెమెరా కన్ను తుడిచింది. అప్పుడు లాక్లన్‌కి అంతా కనపడింది.

ఆమె ఒక్కో కోడినీ రెండు చేతులా ఎత్తి, తన చొక్కాలోకి పాకుతున్నా వదలకుండా, బయట వానలో గడ్డి మీద దించింది. చివరికి మేబెల్. బరువే లేదట. మిగతా రెండింటి పక్కన కూర్చోబెట్టి, వాటిని ఇంట్లోకి మోసుకెళ్లడానికి బుట్ట కోసం మళ్లీ షెడ్డులోకి వచ్చింది.

లోపల కెమెరాలోంచి ఏడుపు.

"మేబెల్..." అంటున్నాడు లాక్లన్. "తల్లీ, బతికే ఉన్నావా? మేబెల్... రా అమ్మా..."

నెరిడా వెనక్కి తిరిగి చూసింది.

అవి గుమ్మంలో ఉన్నాయి. ముందు మేబెల్ — నిలబడలేనిది, రెక్కలు నేలకు ఈడ్చుకుంటూ, ఆ గొంతు వైపు ఒక్కో అడుగూ వేసుకుంటూ వస్తోంది. వెనకే మిగతా రెండూ. మూడూ వచ్చి అడ్డకర్ర కింద నిలబడి, మెడలెత్తి, గింజల కోసం పైకి చూశాయి.

"నోరు ముయ్యి, లాక్" అంది నెరిడా. "నువ్వు పిలిస్తే మళ్లీ వచ్చేస్తున్నాయి."

కెమెరా తీగ పట్టుకుని పీకేసింది.