గోడ లేని గది

కింద షాపులో మోత మొదలైందంటే ఆ ఇంట్లో తెల్లవారినట్టే. ఏసీ మెకానిక్ పొద్దున్నే ఎవరిదో పాత ఏసీని బల్ల మీదికెక్కించి, కాసేపు ఆడించి చూస్తాడు. ఆ గుర్రు మెట్లెక్కి వచ్చి వంటింటి గిన్నెల్ని కూడా సన్నగా వణికిస్తుంది. పైన కిటికీ పక్కన ఆయన భార్య కుట్టుమిషన్ ముందు కూర్చుని కర్టెన్లు కుడుతుంది. వీధిలో చాలామందికి ఆవిడ అసలు పేరు తెలీదు, కర్టెన్లావిడ అంటే చాలు. నాన్న గాలి రాకుండా మూయిస్తాడు, అమ్మ వెలుతురు రాకుండా మూస్తుంది, మీ ఇద్దరి పుణ్యమా అని ఊళ్ళో సగం మందికి పగలో రాత్రో తెలీడం లేదని కూతురు వెక్కిరిస్తుంటుంది.

ఆ రోజు ఆవిడ కాలు పెడల్ మీదే ఉంది గానీ మనసు అక్కడ లేదు. ఎవరి పడకగదికో కుడుతున్న ఆకుపచ్చ గుడ్డ ఒళ్ళో పరుచుకుని ఉంది. సూది ఎప్పుడో ఆగిపోయింది. ఆ పచ్చదనంలోకి చూస్తూ చూస్తూ ఆవిడ మెల్లగా ఊరు దాటిపోయింది.

వెళ్ళింది సముద్రం పక్కన ఊరికి. అక్కడ ఏడాది పొడవునా ఎండా వానా వంతులేసుకుని వస్తాయట. ఆ ఊళ్ళో చెట్ల మధ్య ఒక హోటల్ ఉంది. కూతురు ఫోన్‌లో ఫొటోలు చూపించింది. వెదురు గదులు, ఆకుల పైకప్పు, స్నానం చేసిన నీళ్ళు నేరుగా అరటిచెట్లకి. ప్లాస్టిక్ సీసా గేటు దాటి లోపలికి రాకూడదు. టీవీ లేదు, ఏసీ లేదు, కనీసం ఫ్యానైనా లేదు. గదికి మూడే గోడలు. నాలుగో వైపు ఉత్త గాలీ ఆకులూ, వాటి వెనక ఎక్కడో సముద్రం. అటువైపు కర్టెనైనా వెయ్యరా అని ఆవిడ అడిగింది. వెయ్యరమ్మా, అదే కదా దాని అందం అంది కూతురు. ఆ మాటకి ఆవిడకి మొదట నవ్వొచ్చింది, తర్వాత ఎందుకో గుండె ఝల్లుమంది.

కూతురు కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబ్‌లో పనిచేస్తుంది. పెళ్ళయిన దగ్గర్నుంచి అమ్మానాన్నా కలిసి ఎక్కడికీ వెళ్ళలేదని, ఈసారి తను పంపిస్తానని పట్టుబట్టింది. కర్టెన్లావిడ ఆ సంగతి మొగుడికి చెప్పింది కూడా. టీ గ్లాసు తీసుకుని షాపులోకి దిగి, ఆ మోతలోనే హోటల్ సంగతంతా ఏకరువు పెట్టింది. ఆయన బల్ల మీద వంగి ఏదో బిగిస్తున్నాడు. గ్లాసు పక్కన పెట్టగానే, పైకి చూడకుండానే ఊఁ అని తలాడించాడు. ఆవిడకి ఆ ఊఁ చాలు. అప్పటినుంచి ఆవిడ పగళ్ళన్నీ ఆ హోటల్లోనే గడుస్తున్నాయి.

మిగిలిపోయిన నూలుగుడ్డ ముక్కలతో రెండు సంచులు కుట్టింది, అక్కడికి ప్లాస్టిక్ కవర్లు పనికిరావు కదా. ఆయనకి పల్చటి చొక్కా ఒకటి కత్తిరించింది. అన్నం వారుస్తూ, బట్టలారేస్తూ ఆ గదిలో తిరుగుతూనే ఉండేది. వాన ముందు ఆకుల మీద మొదలై, తర్వాత పైకప్పు మీదికి వస్తుంది. దోమతెర ఊగుతుంది. ఎక్కడో కప్పలు ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. ఆయన పక్కనే ఉంటాడు, చేతిలో స్క్రూడ్రైవర్ ఉండదు, కింద ఏ మిషనూ గుర్రుమనదు.

నిజం చెప్పాలంటే ఆవిడకి సముద్రం మీద పెద్ద మోజు లేదు. ఆవిడకి కావలసింది ఆ నిశ్శబ్దం. కొన్నేళ్ళుగా ఆయన ఆవిడతో మాట్లాడటం మానేశాడు. మానేశాడంటే అలగడం కాదు, తిట్టడం కాదు. పది మాటలు చెప్తే ఒక్క ఊఁ. కష్టం చెప్పుకున్నా ఊఁ, నవ్వు చెప్పుకున్నా ఊఁ. గోడకి చెప్పుకుంటే గోడైనా చెమ్మగిల్లుతుందేమో. వయసొచ్చాక మొగుళ్ళంతా ఇంతే అని చుట్టుపక్కల ఆడవాళ్ళు అంటే ఆవిడ కూడా నవ్వేసేది గానీ, లోపల ఒక ముల్లు గుచ్చుతూనే ఉండేది. అక్కడ ఆ మూడు గోడల గదిలో, తప్పించుకోవడానికి ఏ పనీ లేనప్పుడు, ఆయన్ని ఒక్క మాట అడగాలనుకుంది. ఆ సమాధానం ఎలాంటిదైనా సరే విని తీరాలనుకుంది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర కూతురు ఆ ప్రస్తావన తెచ్చింది. సాయంత్రంలోగా హోటల్‌కి ఫోన్ చేసి ఖాయం చెయ్యాలి, లేకపోతే ఆ గది ఇంకెవరికో ఇచ్చేస్తారంది. ఆయన కూతురి ముఖంలోకి చూసి, "ఏ హోటల్?" అన్నాడు.

కంచంలో పెట్టిన ఆవిడ చెయ్యి అలాగే ఉండిపోయింది. కూతురు ఫొటోలు చూపించి, మళ్ళీ మొదటినుంచీ చెప్పుకొచ్చింది. ఆయన ఫోన్ దగ్గరా దూరం పెట్టి చూసి పెద్దగా నవ్వాడు.

"ఏసీ ఉండదు, ఫ్యాను ఉండదు, గోడ కూడా ఉండదు. ఇంతోటిదానికి అంత దూరం ఎందుకమ్మడూ? మనింట్లో కరెంటు పోయినప్పుడల్లా ఊరికే దొరుకుతుందిగా."

కూతురు కూడా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. చెప్పిన రోజు తలాడించారుగా అని నిలదీసింది. నేనెప్పుడు ఆడించానన్నాడు. దోమలన్నాడు, ఎండాకాలం పనులన్నాడు, నడుం నొప్పన్నాడు. కూతురు ఒక్కొక్కదానికీ సర్ది చెబుతుంటే చివరికి కంచం పక్కకి జరిపి, "నేను రాను. మీ ఇద్దరూ వెళ్ళిరండి. నన్ను బలవంతం చెయ్యకండి" అన్నాడు. ఆ గొంతులో కోపం కన్నా ఇంకేదో ఉంది. ఆ పూట అది ఎవరికీ పట్టలేదు.

కర్టెన్లావిడ లేచింది. చెయ్యి కడుక్కుని, మెట్ల దగ్గరున్న మెయిన్ స్విచ్ టక్కున దించేసింది.

"అక్కడెలా ఉంటుందో ఒక్క పూట ఇక్కడే ఉండి చూడండి. చచ్చిపోతారేమో చూద్దాం."

ఫ్యాను నీరసంగా రెండు చుట్లు తిరిగి ఆగింది. ఫ్రిజ్ ఒక్కసారి ఒళ్ళు విదిలించుకుని ఊరుకుంది. షాపులో ఆయన ఆడించి వచ్చిన ఏసీ కూడా నోరు మూసింది. ఇల్లంతా నీళ్ళలో మునిగినట్టయింది. ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళి, నమూనాకి వేలాడదీసిన కర్టెన్లన్నీ ఒక్కొక్కటిగా పక్కకి లాగేసింది. ఎన్నడూ లేనంత వెలుతురు వచ్చి గచ్చు మీద పడింది. పక్క మేడ మీద ఎవరో బట్టలు దులుపుతున్నారు. ఒక పిట్ట అడిగిందే అడుగుతోంది. ఎక్కడో కుళాయి కింద బకెట్ నిండుతోంది. తన ఇంట్లోంచి ఇవన్నీ వినబడతాయని ఆవిడకి ఇన్నాళ్ళూ తెలీదు. ఒక్క క్షణం తను నిజంగానే ఆ ఊరికి చేరినట్టూ, కిటికీ అవతల ఆకులూ సముద్రమూ ఉన్నట్టూ అనిపించింది. అక్కడ అడుగుదామని దాచుకున్న మాట అప్పుడే, అలా కిటికీలోంచి బయటికి చూస్తూనే, నోట్లోంచి వచ్చేసింది.

"ఏవండీ, నాతో బతకడం మీకు విసుగొచ్చేసిందా?"

వెనకనుంచి ఏమీ వినబడలేదు. పిట్ట మళ్ళీ అడిగింది. ఆవిడ ఎదురుచూసింది. చివరికి ఆయన గొంతు ఖంగుమని లేచింది.

"మెయిన్ ఎందుకు ఆపేశావు? ఫ్రిజ్‌లో పాలు విరిగిపోవూ?"

ఇక ఆవిడ ఆగలేకపోయింది. వెనక్కి తిరిగి, ఇన్నేళ్ళ ఊఁలన్నిటికీ కలిపి అడిగేసింది. నేను మనిషిని కానా, నా మాటకి పాలపాటి విలువైనా లేదా అంది. జ్వరమొచ్చి పడుకున్నప్పుడు నీళ్ళడిగితే పలకలేదు, మా అన్నయ్య పోయిన కబురు చెప్తే తలాడించి గిన్నె కడుక్కోమన్నారు అంది. ఏడుస్తూ, కళ్ళు చెంగుతో ఒత్తుకుంటూ, నోటికి ఆ చెంగే అడ్డం పెట్టుకుని మాట్లాడింది. ఆయన తెల్లబోయి నిలబడ్డాడు. తర్వాత కూతురివైపు వంగి, దొంగతనంలో దొరికినవాడిలా మెల్లగా అడిగాడు.

"మీ అమ్మ ఏమడిగింది?"

కూతురు ఆయన్ని ఎగాదిగా చూసింది. నవ్వబోయి ఆగిపోయింది. దగ్గరికొచ్చి, ఆయన రెండు భుజాలూ పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"నాన్నా, నీకు నిజంగా వినపడలేదా?"

ఆయన తల దించుకున్నాడు. మెట్ల మీద కూలబడి, మోకాళ్ళ మధ్య చేతులు పెట్టుకుని, అప్పుడు చెప్పాడు. ఎడమ చెవి ఎప్పుడో పోయిందట. కుడిది సగం. రాత్రీ పగలూ ఆ మోతలో బతికినవాడికి అంతేనని డాక్టరు అన్నాడట. చెవికి మిషన్ పెట్టుకుంటే చాలావరకు వినబడుతుందన్నాడట గానీ ఈయన ఆ గడప మళ్ళీ తొక్కలేదు.

"కంప్రెసర్ చప్పుడు విని రోగం చెప్పేవాడినని నాకు పేరు. ఆ పేరుతోనే ఇల్లు నడిచింది. ఇప్పుడు అరచెయ్యి ఆనించి, అదురు పట్టుకుని చెబుతున్నాను. ఇది నలుగురికీ తెలిస్తే నన్నెవరు పిలుస్తారు?"

భార్యవైపు చూడకుండానే మళ్ళీ అన్నాడు.

"మోతలో ఉన్నంతసేపూ నాకు ధైర్యం. అక్కడ ఎవరికీ ఏమీ వినబడదు, నేనూ అందరిలాంటివాణ్ణే. మీరేమో ఆకు రాలినా వినబడే చోటికి తీసుకెళ్తామంటున్నారు. అక్కడ నేను ఒక్కపూటలో దొరికిపోతాను."

కర్టెన్లావిడ అక్కడే గోడకి చేరగిలబడింది. ఆయన మాట్లాడటం లేదని అలిగి, తను ముఖం తిప్పుకుని మాట్లాడటం మొదలుపెట్టింది. స్టవ్‌తో చెప్పింది, కుట్టుమిషన్‌తో చెప్పింది, కిటికీతో చెప్పింది. ఆవిడ ఎంత నొచ్చుకుంటే అంత పక్కకి తిరిగింది, పక్కకి తిరిగినకొద్దీ ఆయనకి ఇంకా అందకుండా పోయింది. అన్నయ్య కబురు చెప్పిన రోజు కూడా ఆవిడ గిన్నెల వైపే తిరిగి ఏడుస్తోంది. ఇదంతా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందని ఎన్నిసార్లు విసుక్కుందో తలుచుకుంటే నాలుక కోసుకోవాలనిపించింది.

కాసేపటికి లేచి వెళ్ళి, ఆయన కూర్చున్న మెట్టుకి కింది మెట్టు మీద, ఎదురుగా కూర్చుంది. చెంగు తీసి ఒళ్ళో పెట్టుకుంది. అదే ప్రశ్న, ఈసారి ఆయన కళ్ళలోకి చూస్తూ, ఒక్కొక్క మాటా విడివిడిగా అడిగింది. ఆయన ఆవిడ ముఖాన్నే చూస్తూ విన్నాడు.

"విసుగా? నీ మాట కోసం మొహం వాచిపోయి ఉన్నానే. నువ్వే మానేశావనుకున్నాను."

కూతురు వంటింట్లోకి వెళ్ళి అక్కర్లేని గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. మెయిన్ వెయ్యమని ఎవరూ అనలేదు. పాల మాట ఎవరికీ గుర్తులేదు. వెలుతురు గచ్చు మీదినుంచి గోడ మీదికి పాకింది. కర్టెన్లావిడ మొగుడికి ఎదురుగా కూర్చుని, తనకి వినబడేవన్నీ చెప్పింది. పక్క మేడ మీద ఎవరో పిల్లని పిలుస్తున్నారండీ. అది రానంటోంది. ఆ పిట్ట ఇందాకటినుంచీ ఒకటే మాట అంటోంది, ఇప్పుడు దానికి ఇంకొకటి బదులిచ్చింది. ఆయన ఒక్కొక్కదానికీ వాటివైపు కాకుండా ఆవిడవైపే చూసి, అవునా అన్నాడు. ఊఁ అనలేదు. ఇద్దరూ ఇల్లు కదలకుండానే ఎక్కడికో వెళ్ళొచ్చిన వాళ్ళలా ఉన్నారు.

డాక్టరు దగ్గరికి రేపే తీసుకెళ్తానని కూతురు తేల్చి చెప్పింది. ఆయన కాదనలేదు. షాపు సంగతేంటని మాత్రం అడిగాడు. చెయ్యి ఆనించి రోగం కనిపెట్టే మెకానిక్ ఊళ్ళో ఇంకొకడు ఉన్నాడేమో చూపించండి ముందు, అని ఆవిడ ఆయనకి కనబడేలా అంది. ఆయన సిగ్గుపడినట్టు నవ్వి, తన అరచేతిని తిరగేసి చూసుకున్నాడు.

పొద్దువాలుతుండగా కూతురు హోటల్‌కి ఫోన్ చేసింది. అవతల ఎవరో ఆడమనిషి ఓపిగ్గా అన్నీ చెబుతుంటే, కూతురు ఆ మాటల్ని తండ్రి ముఖానికి ఎదురుగా తిరిగి చెబుతోంది. గది సముద్రం వైపుదే ఇస్తారట. పొద్దున్నే పళ్ళు పెడతారట. రాత్రి మాత్రం గదికి ఒకే ఒక్క చిన్న సోలార్ దీపమట, అదీ మంచానికి దూరంగా ఉంటుందట. చీకటి ఉంటేనే మిణుగురులు బాగా కనబడతాయట.

ఆయనేదో ఆలోచించి కూతురి చెయ్యి పట్టుకుని ఆపాడు.

"పడుకునేటప్పుడు చెవి మిషన్ తీసెయ్యాలని డాక్టరు అప్పుడే చెప్పాడమ్మడూ. మంచం దగ్గర ఇంకో దీపం ఇస్తారేమో అడుగు. చీకట్లో మీ అమ్మ ఏం చెబుతోందో నాకు కనపడదు."