పచ్చదీపం, అరచెయ్యి

సిఫారసు ఉత్తరాల మీద సంతకాలు గీకే పెద్దమనుషులారా! డ్యామ్ కంట్రోల్ రూమ్ మెట్ల మీద ఆ కేబుల్ జాయింటర్‌ని కాల్చింది పరాయి దేశపు తుపాకీయే. దానికి తలుపు తీసింది మాత్రం మీరు. కనెక్షన్ అంటే మీకు పలుకుబడి. పోలీసులకు అనుమానం. తెగిన కేబుళ్లు అతికి బతికేవాడికి కూడు.

తొమ్మిదింటికి ఏజెంట్ చీమకు బ్రీఫింగ్.

"పన్నెండుకి శత్రువులు రేడియో సిగ్నల్‌తో డ్యామ్ గేట్లు ఎత్తేస్తారు," అన్నాడు చీఫ్. "అడ్డుకునేది గేట్లను బిగించి ఉంచే ఒక్క లాక్ కేబులే. దిగువన నలభై వేల మంది. లోపలి దొంగ దొరికాడులే. మెట్ల మీద చచ్చినవాడి బావమరిది, వాడూ జాయింటరే. లాకప్‌లో వేశాం."

"ఆధారం?"

"చచ్చినవాడితో కనెక్షన్ ఉందిగా!"

"అక్క మొగుడు సార్. ఉండక చస్తుందా?"

"నోర్ముయ్. కేబుల్ సంగతి కొత్త ఇంజనీరమ్మ చూసుకుంటుంది. నేనే వేయించాను."

చీమ వినలేదు. నకిలీ రిలీజ్ ఆర్డర్ చూపించి ఆ బావమరిది జాయింటర్‌ని బయటికి లాగాడు. హెల్పర్ వేషంలో టూల్స్ సంచీ భుజాన వేసుకుని అతని వెంట కంట్రోల్ రూమ్‌కి వెళ్లాడు. టైమ్ పదకొండూ యాభై.

నల్లకళ్లద్దాలు, హైహీల్స్, గదంతా సెంటు. ఇంజనీరమ్మ ప్యానెల్ తెరిచింది. కరెంటు ఉన్నట్టు 'లైవ్' అని పచ్చదీపం వెలుగుతోంది. జాయింటర్ టెస్టర్ తీస్తూ, అలవాటు కొద్దీ పక్కనున్న తొడుగు తీగకు వేళ్ల వెనకవైపు ఆనించాడు.

"ఏంటయ్యా, దూడని నిమురుతున్నావా?"

"కరెంటు కొడితే పిడికిలి బిగుసుకుపోతుందమ్మా. అరచేత్తో పట్టామా, ఇక తీగ వదలదు. మా బావ నేర్పాడు."

"పిరికి సన్నాసులు!" అంటూ ఆమె లాక్ కేబుల్ రాగి కొసను అరచేత్తో గట్టిగా పట్టుకుంది. ఏమీ కాలేదు.

జాయింటర్ మొహం పాలిపోయింది. "దీపం లైవ్ అంటోంది బాబూ," అన్నాడు చీమతో. "ఈవిడ టెస్టరైనా పెట్టలేదు. తీగ చచ్చిందని ఈవిడకెలా తెలుసు?"

తెగ్గోసినవాళ్లకే తెలుస్తుంది. ఆమె చేతిలోకి పిస్టల్ వచ్చేలోపే చీమ పెన్నులోంచి మత్తుసూది ఎగిరింది. హీల్స్ మడతపడ్డాయి.

పదకొండూ యాభై ఎనిమిది. ప్యానెల్ వెనక, దీపానికి కరెంటిచ్చే చోటు దాటాక, కోత దొరికింది. మెయిన్ ఆపి, జాయింటర్ రాగి కొసలు మెలిపెట్టాడు.

"త్వరగా అన్నా!"

"అరవకు! అతుకు వదులైతే ఊరు పోతుంది!"

మెయిన్ వేశాడు. పన్నెండు కొట్టింది. సిగ్నల్ వచ్చింది. గేట్లు అంగుళం లేచి, ఠక్కున ఆగిపోయాయి.

"నీ వెనక ఎవరు?" చీమ ఆమె భుజం కుదిపాడు.

మత్తులోనే నవ్వింది. "నాకీ ఉద్యోగం వేయించినాయన్నే అడుగు."

ఆమెతో తనకు ఏ కనెక్షనూ లేదంటున్నాడు చీఫ్. ఆమె సిఫారసు ఉత్తరం మీది సంతకం కూడా తనది కాదట! చాలించండి. జాయింటర్ మీద కేసు ఈ పూటే కొట్టేయండి. మొగుణ్ణి పోగొట్టుకున్న వాళ్లక్క కాళ్ల దగ్గర క్షమాపణ చెప్పండి. చీఫ్‌ని లోపలెయ్యండి. ఆయన సెల్‌లో ఫ్యాను తిరగకపోతే కబురు పెట్టండి, బాగుచెయ్యడానికి సిఫారసు లేనివాణ్ణి పంపుతాం.